వెనక చక్రం చెప్పిన సాక్ష్యం

సైకిలు తొక్కేవాళ్ళ మధ్య ఓ చిన్న మర్యాద ఉంటుంది. ఎదురుగా ఇంకో సైక్లిస్టు వస్తే చెయ్యెత్తడమో, తలూపడమో, కనీసం ఓ నవ్వు నవ్వడమో. విశాఖ బీచ్ రోడ్డు మీద ఆదివారం తెల్లారగట్ల ఐదున్నరకి నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది. హెల్మెట్లు, గ్లవ్సులు, ఒంటికి అతుక్కుపోయే లాగులు, సీటు కింద మిణుకు మిణుకుమనే ఎర్ర లైట్లు. పేర్లు తెలియకపోయినా 'గుడ్ మార్నింగ్' అనుకుంటూ పోతారు.

అదే రోడ్డు మీద, అదే టైముకి ఇంకో రకం సైకిళ్ళు కూడా తిరుగుతుంటాయి. పాలక్యాన్లవి, పేపరు కట్టలవి, చేపల గిన్నెలవి, రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్ళే వాచ్‌మన్లవి. వాటికి లైట్లుండవు, ఆ తలలకి హెల్మెట్లుండవు. వాళ్ళు మాకు చెయ్యెత్తరు, మేమూ వాళ్ళకి చెయ్యెత్తం. చిన్నచూపుతో కాదు. మాది వ్యాయామం, వాళ్ళది ప్రయాణం, ఎవరి తొందర వాళ్ళది.

నేను బ్యాంకు ఉద్యోగిని. నలభై ఆరో ఏట షుగరు బయటపడితే డాక్టరు రోజూ నడవమన్నారు. మోకాళ్ళు వద్దన్నాయి. మధ్యేమార్గంగా సైకిలెక్కాను. నాలుగేళ్ళయింది. ఆదివారాలు మా ఐదుగురం కలిసి భీమిలి దాకా వెళ్ళి, అక్కడ ఇడ్లీలు తిని (షుగరు సంగతి ఆ ఒక్క పూటా అడక్కండి) వెనక్కొస్తాం. మాలో నేవీలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, అందరం కమాండర్ గారంటాం. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళిద్దరు. ఓ కాలేజీ లెక్చరరు మేడమ్. నేను.

కిందటి డిసెంబరులో ఓ ఆదివారం. తొట్లకొండ దాటాం, ఎర్రమట్టి దిబ్బలు ఇంకా రాలేదు. సముద్రం మీద వెలుగు ఇంకా సరిగ్గా విచ్చుకోలేదు. ముందు వెళ్తున్న కుర్రాడు ఒక్కసారిగా బ్రేకేసి 'అక్కా, మనిషి' అన్నాడు.

రోడ్డుకి ఎడం పక్క, సరుగుడు చెట్ల మొదట్లో, నీలం యూనిఫాంలో ఓ మనిషి వెల్లకిలా పడున్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. కనుబొమ్మ చిట్లి మొహమంతా రక్తం. పక్కనే టిఫిను క్యారేజీ మూత ఊడి దొర్లింది. నాలుగు గజాల అవతల పాత నల్ల సైకిలు, చక్రాలు పైకి పెట్టుకుని పడుంది. మా కంటే ముందు ఆ దారిన ఎన్ని కార్లు వెళ్ళుంటాయో తెలీదు. మేమక్కడున్న మొదటి ఐదు నిమిషాల్లో మూడు వెళ్ళాయి. ఒకటి మాత్రం కాస్త నెమ్మదించి, అద్దం దించి, చూసి, మళ్ళీ అద్దం ఎత్తుకుని వెళ్ళింది.

లెక్చరరు మేడమ్ నెమ్మదిగా 'పోలీసు కేసు అవుతుందేమోనండీ. 108కి ఫోన్ చేసి చెప్పేసి వెళ్ళిపోదామా' అన్నారు. ఆవిణ్ణి తప్పుపట్టకండి. వాళ్ళన్నయ్య ఇరవై ఏళ్ళ కిందట ఎవర్నో ఆసుపత్రిలో చేర్చిన పుణ్యానికి కోర్టు చుట్టూ ఏడాది తిరిగాడట. అలాంటి కథ లేని ఇల్లు మన దగ్గర తక్కువ.

కమాండర్ గారు ఆ మాట విన్నారో లేదో గానీ అప్పటికే పనిలో పడ్డారు. నేను ఆ రోజు నేర్చుకున్నంతా ఆయన దగ్గరే. ముందు పేషెంటు దగ్గరికి పరిగెత్తలేదాయన. కుర్రాళ్ళిద్దర్నీ యాభై అడుగులు వెనక్కి పంపించి, సైకిళ్ళ ఎర్ర లైట్లు ఊడదీసి చేత్తో ఊపుతూ నిలబడమన్నారు. పడ్డవాణ్ణి చూస్తూ ఇంకో బండి మనందర్నీ గుద్దకూడదు గదా. ఆ తర్వాత ఆ మనిషి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తల కదలకుండా పట్టుకుని, 'తల తిప్పకు తమ్ముడూ. నోటితోనే చెప్పు. పేరేంటి? ఎక్కడ నొప్పి?' అన్నారు. మెడ ఎముక విరిగిందో లేదో మనకి తెలీదు కాబట్టి, విరిగిందనే అనుకోవాలట. లేపి కూర్చోబెట్టడం, చెయ్యి పట్టి లాగడం, ఆటోలో కుక్కడం, ఇవన్నీ మంచి మనసుతో చేసే చెడ్డ పనులని ఆయన తర్వాత చెప్పారు.

నేను బ్యాగులో ఉన్న ఉతికిన తువ్వాలు తీసి కనుబొమ్మ మీద అదిమి పట్టుకున్నాను. 'ఆగిందా అని ఎత్తి చూడొద్దు మేడమ్, తడిసిపోతే దాని మీదే ఇంకోటి వెయ్యండి' అన్నారాయన. దూరంగా కొబ్బరిబొండాల బడ్డీ అతను చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పాపం, అదీ వద్దన్నారు. పడుకున్న మనిషికి నీళ్ళు పొరబోవచ్చు, ఆపరేషనే అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి. బడ్డీ అతను ఆ నీళ్ళతో నా చేతులు కడిగాడు.

ఎడం భుజం కిందికి జారిపోయి ఉంది. చెయ్యి లేవట్లేదు. ఆ నొప్పిలో ఆ మనిషి అడిగిన మొదటి మాట ఇది:

'సైకిలేటయ్యిందమ్మా?'

'నీకేమైందో చూసుకో అన్నయ్యా, సైకిలు ఎక్కడికీ పోదు.'

'నాకేటీ అవ్వలేదమ్మా. బేగి ఇంటికెల్లి పడుకుని రాతిరికి మల్లీ డూటీకెల్లాల. మీరెల్లిపోండి, మీకెందుకొచ్చిన గొడవ.'

రుషికొండ దగ్గర ఓ ఆఫీసు భవనానికి రాత్రి కాపలా. పన్నెండు గంటల డ్యూటీ. రానూపోనూ ఇరవై రెండు కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు. లెక్క వేస్తే మా గుంపులో ఎవరూ ఆయన తొక్కేదాంట్లో సగం కూడా తొక్కం.

108 వాళ్ళు ఫోన్లో ఆనవాళ్ళు అడిగి, మనిషికి స్పృహ ఉందా, ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని అడిగి, పద్ధెనిమిది నిమిషాల్లో వచ్చారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన సర్వీసు ఇది. ఇప్పుడు ఇన్ని రాష్ట్రాల్లో 108 అంటే అంబులెన్సే. మన దగ్గర పుట్టినవాటిలో గట్టిగా చెప్పుకోదగ్గది నాకైతే ఇదే.

ఆ పద్ధెనిమిది నిమిషాల్లో ఆయన ఇంకో నాలుగుసార్లు సైకిలు సంగతే అడిగాడు. సరే, చూసొచ్చి చెప్తే కుదుటపడతాడని తువ్వాలు మేడమ్ చేతికిచ్చి వెళ్ళాను. అట్లాస్ సైకిలు. ఆ కంపెనీ వాళ్ళ చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు. బండి మాత్రం పాతికేళ్ళ నాటిదైనా గట్టిపిండం. హ్యాండిలు తిన్నగా ఉంది. ముందు చక్రం వేలితో తిప్పితే చక్కగా తిరిగింది. బ్రేకులు బాగున్నాయి. పెడళ్ళ మీద కొత్త గీత ఒక్కటి లేదు.

వెనక చక్రం మాత్రం ఎనిమిది అంకెలా మెలిపడిపోయింది. తొమ్మిది పుల్లలు తెగాయి. మడ్‌గార్డు టైరులోకి దిగబడింది. క్యారియరు ముందుకి వంగి సీటుకి తగులుకుంది. ఎర్ర రిఫ్లెక్టరు ముక్కలైంది. మడ్‌గార్డు నల్ల రంగు మీద జానెడు పొడవున తెల్లగా పెయింటు చార.

సైకిలు తొక్కేవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మనంతట మనం జారిపడితే దెబ్బ ముందు పక్కనో, ఒక పక్కనో తగులుతుంది. హ్యాండిలు తిరిగిపోతుంది, బ్రేకు లివరు వంగుతుంది, పెడలు తారుని గీసుకుంటుంది. వెనక చక్రం మెలిపడదు. ఏదో తెల్ల బండి వెనకనుంచి కొట్టి పోయింది. ఫోన్ తీసి అన్ని పక్కల్నుంచీ ఫొటోలు తీశాను, రోడ్డు మీద రిఫ్లెక్టరు ముక్కలతో సహా. ఎందుకు తీస్తున్నానో అప్పుడు పెద్దగా ఆలోచించలేదు. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు చేసినదానికి ఏది కనిపించినా కాపీ ఉంచుకోవడం అలవాటు.

అంబులెన్సులో ఆయనతో నేనే వెళ్ళాను. ఆయన సైకిలూ, నా సైకిలూ బడ్డీ వెనక తాటాకుల గోడకి ఆనించారు. నలభై వేల గేరు సైకిలు పక్కన ఆ అట్లాసు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. కాలర్ బోన్ రెండు ముక్కలైంది. తలకి లోపల దెబ్బేం లేదు. మెడ బాగుంది. ఆరు వారాలు చేతికి స్లింగు, మూడు నెలల దాకా బరువు ఎత్తకూడదు. సైకిలు మీంచి పడ్డవాళ్ళకి మామూలుగా విరిగే ఎముకే ఇది. మా గుంపులో కుర్రాడికీ రెండేళ్ళ కిందట ఇదే విరిగింది. వాడు ఆరు వారాలూ ఇంట్లోంచే పని చేశాడు, జీతం పూర్తిగా పడింది. కాపలా పని ఇంట్లోంచి చెయ్యడం ఎలాగో మరి నాకు తెలీదు.

అసలు కథ అక్కడ్నుంచే మొదలైంది.

ఆసుపత్రి ఔట్‌పోస్టు కానిస్టేబులు పుస్తకం పట్టుకుని వచ్చాడు. 'ఎలా జరిగింది' అని అడిగితే మా అన్నయ్య ఠక్కున 'నానే పడిపోనానండి, నిద్రమత్తులో' అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. విషయమేంటంటే, అంతకు కాసేపటి ముందు సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. డ్యూటీ అయిపోయాక జరిగింది కాబట్టి మాకు సంబంధం లేదు, కేసూ గీసూ పెట్టుకుంటే నీకే తిప్పలు, పడిపోయానని చెప్పేయ్ అన్నాడట. డ్యూటీకొచ్చేటప్పుడు, డ్యూటీ నుంచి ఇంటికెళ్ళేటప్పుడు దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో జరిగినట్టే లెక్కెయ్యాలని ఈఎస్ఐ చట్టంలో 2010లోనే చేర్చారు. ఈఎస్ఐ కార్డు ఉందా అన్నయ్యా అని అడిగాను. 'వస్తాదన్నారమ్మా' అన్నాడు. చేరి మూడేళ్ళు.

కానిస్టేబులు రాసేసుకోబోతున్నాడు. 'ఒక్క నిమిషం బాబూ' అని ఫొటోలు చూపించాను.

'మీరు చూశారా మేడమ్, గుద్దడం?'

'గుద్దడం చూళ్ళేదు. గుద్దిన దెబ్బ చూశాను.'

అతను కుర్రాడే, మంచివాడు. చిన్నప్పుడు పేపర్లేశాడట. ఫొటో పెద్దది చేసుకుని చక్రం వంక కాసేపు చూసి, 'ఇది పడితే అయ్యేది కాదు' అని తనే అన్నాడు. ఆ తర్వాత పేషెంటుని మళ్ళీ అడిగాడు, ఈసారి నెమ్మదిగా. వెనకనుంచి లైటు పడింది, హారను లేదు, ఎగిరిపడ్డాను, బండి ఆగలేదు. అలా 'గుర్తు తెలియని వాహనం' అన్న మాట కాగితం మీదకొచ్చింది.

ఈ నాలుగు ముక్కల కోసమే ఇదంతా రాస్తున్నాను. గుద్ది పారిపోయిన బండి ఏదో తేలకపోతే బాధితుడికి కేంద్ర ప్రభుత్వ పథకం కింద పరిహారం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అంతకు ముందు ఇది 25 వేలు, 12,500 ఉండేది. ఎముక విరిగితే చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. కానీ 'తనే పడిపోయాడు' అని మొదటి కాగితంలో పడితే అంతే సంగతులు. గుద్దిన బండే లేనప్పుడు పారిపోయిందెవరు?

ఇక నా భయం సంగతి. కానిస్టేబులు నా పేరు, ఫోన్ నంబరు అడిగినప్పుడు గుండె దడదడలాడిన మాట వాస్తవం. మేడమ్ వాళ్ళన్నయ్య గుర్తొచ్చాడు. కానీ ఆయన తిరిగిన రోజులకీ ఇప్పటికీ చాలా తేడా ఉంది.

1989లో సుప్రీంకోర్టు ముందుకి ఓ కేసొచ్చింది. స్కూటరు మీద వెళ్తున్న మనిషిని కారు గుద్దితే, దారినపోయే ఒకాయన దగ్గర్లోని ఆసుపత్రికి మోసుకెళ్ళాడు. ఇది పోలీసు కేసు, మేం చూడం, 20 కిలోమీటర్ల అవతల ఇంకో ఆసుపత్రి ఉంది అక్కడికి తీసుకుపొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. ముందు వైద్యం, తర్వాతే మిగతావి అని కోర్టు ఆ ఏడు తేల్చి చెప్పింది. అయినా తెచ్చినవాళ్ళకి రక్షణేదీ రాలేదు. 2007లో ఢిల్లీలో పీయూష్ తివారీ అనే ఆయన కజిన్, బడి నుంచి ఇంటికొస్తున్న పిల్లాడు, రోడ్డు మీద ఎవరూ సాయం చెయ్యక చనిపోయాడు. తివారీ స్థాపించిన సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కోర్టుకెళ్ళింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సాయం చేసేవాళ్ళ కోసం పెట్టిన మార్గదర్శకాలకి చట్టమంత బలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ అని ఓ సెక్షను చేర్చారు. దాని ప్రకారం, మంచి ఉద్దేశంతో సాయం చేసినవాళ్ళ మీద కేసు ఉండదు, తర్వాత ఆ మనిషికి ఏమైనా అయినా సరే. పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. మనకి మనంగా సాక్ష్యం చెప్తామంటేనే సాక్షులం. అప్పుడు కూడా మనకి వీలైన చోట, వీలైన టైములో ఒక్కసారే అడగాలి. ఈ హక్కుల్ని ఆసుపత్రి గుమ్మం దగ్గర మన భాషలో రాసిపెట్టాలని కూడా ఉంది. మీ ఊరి ఆసుపత్రిలో ఆ బోర్డు ఎక్కడుందో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి.

నా పేరు నేనిచ్చాను. పోలీసులు ఓ బుధవారం మా బ్యాంకుకే మఫ్టీలో వచ్చి, లంచ్ టైములో అరగంట కూర్చుని రాసుకుని వెళ్ళారు. కోర్టు నుంచి ఇప్పటిదాకా పిలుపు లేదు.

తెల్ల బండి దొరకలేదు. ఆ దారిలో ఉన్న ఓ కెమెరాలో చీకట్లో తెల్లగా ఏదో పోయింది గానీ నంబరు పడలేదు. ఇలా వాహనం ఆచూకీ నెల రోజుల్లో తేలకపోతే, ఈ పథకం గురించి పోలీసులే బాధితులకి రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మా విషయంలో ఆ కాగితం రాలేదు. నేను అడిగితే ఎస్సై గారు 'అలాంటిదొకటుందా మేడమ్' అని, నిజాయితీగానే, నన్నే అడిగారు.

దరఖాస్తు పని ఆయన కూతురు చూసుకుంది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. మహా చురుకు. ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు జతచేసి రెవెన్యూ ఆఫీసులో ఇవ్వాలి. అక్కడ విచారణ చేసి కలెక్టరు గారికి పంపితే, ఆయన మంజూరు చేశాక బీమా కంపెనీల మండలి నుంచి డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. ఒక్కో మెట్టుకీ గడువుంది. కాగితం మీద లెక్కేస్తే రెండు నెలల్లో అయిపోవాలి. ఆ పిల్లకి ఏడు నెలలు పట్టింది, పదకొండు సార్లు తిరిగింది. మొదటి నాలుగుసార్లూ అసలు ఆ ఫారం ఏ సీటుకి వెళ్ళాలో తేల్చడానికే. ఐదోసారి నేనూ వెళ్ళాను. చెప్పుకోకూడదు గానీ, బ్యాంకు ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని వెళ్ళాను. కుర్చీ ఇచ్చారు. ఆ పిల్ల ఒక్కత్తే వెళ్ళిన నాలుగుసార్లూ ఎవరూ ఇవ్వలేదట.

ఈ లోపు ఆ ఇల్లు ఎలా గడిచిందంటే, భార్య జీడిపిక్కల పనికి వెళ్ళింది, కూతురు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పింది. మా గుంపు వాళ్ళం కొంత ఇవ్వబోతే ఆయన ఒప్పుకోలేదు. చివరికి కమాండర్ గారు 'డబ్బు వద్దు సరే, సైకిలు బాగుచేయించడం సైక్లిస్టుల మధ్య ఉన్న పద్ధతి, కాదంటే కుదరదు' అని ఓ రూలు అక్కడికక్కడే పుట్టించారు. దానికి ఒప్పుకున్నాడు. కొత్త రిమ్ము, పుల్లలు, మడ్‌గార్డు, క్యారియరు. వెనక లైటు మాత్రం మా కుర్రాళ్ళు వాళ్ళకి నచ్చింది బిగించారు. అది మూడు రకాలుగా వెలుగుతుంది. 'పెల్లి పందిరిలాగుందమ్మా' అన్నాడు గానీ తీసెయ్యలేదు.

నాలుగో నెల్లో ఇంకో ఏజెన్సీలో చేరాడు. ఈసారి ఈఎస్ఐ కార్డు చేతికొచ్చాకే యూనిఫాం తొడుక్కోమని కూతురు షరతు పెట్టింది. లెక్చరరు మేడమ్ వాళ్ళ కాలేజీలో పిల్లల్ని కూర్చోబెట్టి, కమాండర్ గారి చేత తల కదలకుండా పట్టుకోవడం, రక్తం ఆపడం నేర్పించారు. ఫోన్లో 134ఎ సెక్షను ఫొటో పెట్టుకుని కనిపించినవాళ్ళకల్లా చూపిస్తున్నారు కూడా.

డబ్బు పడ్డాక వాళ్ళింటికి భోజనానికి రమ్మన్నారు. వెళ్ళాం. పెరట్లో గోడకి మేకు కొట్టి ఆ మెలిపడ్డ చక్రం వేలాడుతోంది. పాత ఇనుముకి అమ్మలేదా అన్నయ్యా అంటే, కేసు తేలేదాకా పారెయ్యొద్దని పోలీసులు చెప్పారట. ఊరికే ఉందెందుకని వాళ్ళావిడ ఆనప తీగ దాని మీదకి పాకించింది. తెగిన పుల్లల మధ్యలోంచి రెండు కాయలు లేతగా దిగాయి.

'రేపు పోలీసులొచ్చి చక్రం అడిగితేనో' అన్నాను.

'ఇచ్చేత్తానమ్మా' అన్నాడు, 'కాయలు కోసేసినాక.'